కొలువునకును ఊయలకును నడుమ

హైదరాబాదునకు పశ్చిమమున నున్న గుట్టలమీద సినిమా స్టూడియోలును సాఫ్ట్‌వేర్ కార్యాలయములును ఇరుగుపొరుగై పెరిగినవి. మద్రాసునుండి క్రమముగా తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ మొదట బంజారాహిల్సు, జూబిలీహిల్సుల రాతినేలపై కుదురుకొనగా, ఆ గుట్టలకు ఆవలనున్న మాదాపూరులో 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సు భవనమును ప్రారంభించెను. దానికి మూడేండ్లు ముందుగా, 1995లో, జెమిని, ఈటీవీ అను రెండు తెలుగు ప్రసారకేంద్రములు పుట్టియుండెను. కావున తెలుగింటి వసారాలోనికి ప్రతిదినము ధారావాహిక ప్రవేశించుటయు, ఆ ఇంటి ఆడపడుచు మెడలో గుర్తింపుకార్డు వేసికొని హైటెక్ సిటీకి బయలుదేరుటయు మన సంఘమున దాదాపు ఒకే కాలమునందు సంభవించిన పరిణామములు.

నల్లకోటు తొడిగిన నాయిక తెరమీద మనకు చిరపరిచిత. ఆమె వాదించు వ్యాజ్యమొకటి, ఇంటిలో నడచు వ్యాజ్యము వేరొకటి. బోనులోని సాక్షిని ప్రశ్నించుచున్న సమయమున బిడ్డకు జ్వరము తగిలినదని కబురు వచ్చును. తీర్పు వెలువడు సాయంకాలముననే భర్తయో, ప్రేమించినవాడో ఆమెను ఏదో యొకటి తేల్చుకొమ్మని నిలదీయును. అమెరికాలో 2009లో మొదలైన ‘ది గుడ్ వైఫ్’ 2023లో ‘ది ట్రయల్’ అను పేర హిందీలోనికి వచ్చినప్పుడు కథాస్థలము మారినది గాని ఈ చట్రము మారలేదు. కొలువు, వలపు, బిడ్డ అను మూటిలో దేనిని వదలుకొనవలెనను ప్రశ్నను నాయిక హృదయములో నిలిపి చూపినచో కథ రక్తికట్టుననుట నిజమే. అయితే ఆ ప్రశ్న హృదయములో పుట్టినది కాదు. శాసనసభలు ఏ చట్టమును ముందు చేసి ఏ చట్టమును వెనుకకు నెట్టినవో, ఏ న్యాయమూర్తి ఏ తీర్పు చెప్పగా ఎవరు దానిని త్రోసిపుచ్చిరో, దానిని బట్టియే ఆ ప్రశ్న ఒక్కొక్క తరమున ఒక్కొక్క రూపము దాల్చినది. ఆ చరిత్రలో మన తెలుగునాటి భాగము అల్పమైనది కాదు గనుకనే దానిని సావధానముగా చెప్పవలెనని నా కోరిక.

1909 నాటి కన్యాశుల్కమున మధురవాణి వకీలు సౌజన్యారావు పంతులును కలిసికొనుటకు పురుషవేషము వేసికొని పోవును. నాటకమున అది చమత్కారమే గాని, ఆ దినములలో న్యాయవాదవృత్తి ముంగిట స్త్రీకి నిజముగా ఉండిన స్థితియు అదియే. 1916లో కలకత్తా హైకోర్టు రెజీనా గుహకును, అటు తరువాత పాట్నా హైకోర్టు సుధాంశుబాలా హజ్రాకును వారు స్త్రీలైన కారణముననే వకాలతు పుచ్చుకొను అధికారమును నిరాకరించినవి. 1923లో చేయబడిన మహిళా న్యాయవాదుల చట్టముతో గాని ఆ తలుపు దేశమంతట తెరువబడలేదు.

తెరచిన ఆ తలుపులోనికి నడచిన తెలుగు స్త్రీలలో దుర్గాబాయి జీవితము ఏ ధారావాహిక కథకునకును ఊహకందని మలుపులు కలది. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదవ ఏటనే వివాహము చేసిరి. యుక్తవయస్సున ఆమె తాను కాపురమునకు రాజాలనని తేటతెల్లముగా చెప్పి, భర్త వేరొక వివాహము చేసికొనుటకు అడ్డుచెప్పక తన దారిని తాను పోయినది. ఉప్పుసత్యాగ్రహములో జైలుకు పోయి, ప్రైవేటుగా పరీక్షలకు కూర్చుండి, 1942లో మద్రాసు విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టము పొంది, మద్రాసు హైకోర్టులో వాదించి, రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలై, 1953 జనవరిలో నాటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి దేశముఖును తన యిష్టముతో వరించినది. అదే సంవత్సరమున చైనాదేశమున పర్యటించి, అచటి కుటుంబ న్యాయస్థానములను పరిశీలించి వచ్చి, భార్యాభర్తల తగవులు దొంగతనముల, దొమ్మీల నడుమ విచారింపబడరాదనియు, వానికి ప్రత్యేక న్యాయస్థానములు కావలెననియు ఈ దేశమున మొట్టమొదట పట్టుబట్టినది ఆమెయే. 1981లో ఆమె కన్నుమూసినది. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చెను. నేడు విడాకులకో, బిడ్డ సంరక్షణకో న్యాయస్థానమెక్కు సాఫ్ట్‌వేర్ దంపతులందరును, తెలిసియు తెలియకయు, రాజమహేంద్రవరపు ఆ బాలికావధువు వేసిన బాటనే నడచుచున్నారు.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పీఠముపై మొదటి మహిళ జస్టిస్ అమరేశ్వరి 1978లో కూర్చుండెను. ఆ న్యాయస్థానమునుండియే వెళ్ళిన జస్టిస్ రోహిణి 2014లో ఢిల్లీ హైకోర్టునకు ప్రథమ మహిళా ప్రధాన న్యాయమూర్తి కాగా, 2021లో జస్టిస్ హిమా కోహ్లీ తెలంగాణ హైకోర్టునకు ఆ స్థానము నలంకరించిన మొదటి మహిళ అయ్యెను. ఈ తేదీల వరుసను తొందరగా దాటి, మూసీతీరమున నున్న నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో 1983 జూలై 1న వెలువడిన ఒక తీర్పు వద్ద ఆగుట న్యాయము. ఏలయన, కొలువు, దాంపత్యము, మాతృత్వము అను మూడును ఒకే వ్యాజ్యమునందు కలిసివచ్చి, వానిపై ఒక తెలుగు న్యాయమూర్తి దేశమంతయు తలయెత్తి చూచునట్టి మాట పలికిన సందర్భమది.

టి. సరిత వర్సెస్ టి. వెంకటసుబ్బయ్య అను పేర న్యాయగ్రంథములలో నిలిచిపోయిన ఆ వ్యాజ్యములోని స్త్రీ, ‘మరోచరిత్ర’ చిత్రముతో 1978లో ప్రసిద్ధికెక్కిన నటియే. 1975 డిసెంబరులో, ఆమె ఇంకను పాఠశాల విద్యార్థినిగా పదునారేండ్ల ప్రాయమున ఉండగా, తిరుపతిలో వివాహము జరిగెను; అనతికాలములోనే దంపతులు వేరుపడిరి. ఆమె మద్రాసులో నటిగా పేరుగడించిన పిదప, దాంపత్యహక్కుల పునరుద్ధరణను కోరుచు భర్త కడప సబ్‌కోర్టులో దావా వేసెను. హిందూ వివాహ చట్టము 9వ సెక్షను క్రింద వేయు ఈ దావా ఫలించినచో, వేరుగానున్న భార్య కాపురమునకు పోవలెనని న్యాయస్థానమే డిక్రీ ఇచ్చును. పోకున్న ఆమె ఆస్తిని జప్తు చేయవచ్చును. కడప న్యాయస్థానమునకు ఈ దావాను విచారించు పరిధి కలదా లేదా అను చిన్న వివాదముతో హైకోర్టునకు వచ్చిన వ్యాజ్యము, అక్కడ ఆ సెక్షనే రాజ్యాంగబద్ధమా అను మహాప్రశ్నగా పరిణమించెను.

జస్టిస్ పి.ఎ. చౌదరి ఇచ్చిన ఆ తీర్పును నేటికిని చదువవలసినదిగా నేను తలంచుచున్నాను. ఈ పరిహారము మన ధర్మశాస్త్రములలో లేదనియు, ఆంగ్లదేశపు మతన్యాయస్థానములనుండి వలసపాలనతోపాటు దిగుమతి అయినదనియు, ఆ ఆంగ్లేయులే 1970లో దానిని రద్దుచేసికొనిరనియు ఆయన ముందుగా చూపెను. అటుపైని, ఇట్టి డిక్రీ ఫలితముగా తన శరీరమును ఎవరు ఎప్పుడు స్పృశింపవచ్చునను నిర్ణయము స్త్రీ చేతినుండి రాజ్యము చేతికి పోవుననియు, బిడ్డను కనుటయా మానుటయా, కన్నచో ఎప్పుడు కనుట అను నిర్ణయమును కూడ ఆమె కోల్పోవుననియు, గర్భధారణ ఆమె జీవితపు గతినే మార్చివేయునది గనుక అది ఆమె ఏకాంతమునకును, గౌరవమునకును, రాజ్యాంగపు 21వ అధికరణమునకును భంగకరమనియు నిర్ణయించి, 9వ సెక్షను చెల్లదని ప్రకటించెను. చట్టము స్త్రీపురుషులకు సమానముగానే వ్రాయబడినను, సమానులు కాని వారిపై దానిని సమానముగా ప్రయోగించుట సమానత్వము కాదనుట ఆ తీర్పులోని మరియొక ముఖ్యాంశము. మాతృత్వమును స్త్రీ వృత్తిజీవితముతోను, స్వేచ్ఛతోను ముడిపెట్టి, ఆ ముడిని విప్పు అధికారము ఆమెదేనని ఒక హైకోర్టు అంత స్పష్టముగా చెప్పుట అపూర్వము.

ఈ తీర్పునకు నూరేండ్లు ముందు, బొంబాయిలో రఖ్మాబాయి అను యువతి, బాల్యమున తనకు చేసిన వివాహమునకు కట్టుబడి కాపురమునకు పోనని నిలిచి, 1887లో కాపురమో కారాగారమో ఏదో యొకటి కోరుకొమ్మని న్యాయస్థానము చెప్పగా కారాగారమునకే సిద్ధపడెను; చివరకు రాజీ కుదిరిన పిదప లండనునకు పోయి వైద్యవిద్య నభ్యసించి డాక్టరై తిరిగివచ్చెను. రఖ్మాబాయికి ఆనాడు దొరకని సమాధానము నూరేండ్లకు హైదరాబాదులో దొరికినది. కాని అది నిలువలేదు. కొన్ని నెలలకే ఢిల్లీ హైకోర్టు దానితో విభేదించెను. 1984 ఆగస్టు 8న సరోజ్‌రాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఆ సెక్షను వివాహబంధమును కాపాడు సాధనమని చెప్పి, హైదరాబాదు తీర్పును తోసిపుచ్చెను. ఏకాంతము ప్రాథమికహక్కని 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకకంఠముతో ప్రకటించిన తరువాత, 2019లో గుజరాతు న్యాయవిద్యార్థులు ఆ సెక్షనును మరల సుప్రీంకోర్టులో సవాలు చేసిరి. జస్టిస్ చౌదరి ఓడిపోయెనని నేను అనుకొనజాలను. ఆయన ముందుగా పుట్టిన మాట పలికెను.

అదే కాలమున మన తెరయు ఈ ప్రశ్నను స్పృశించుచుండెను. డి. కామేశ్వరి నవల ఆధారముగా 1981లో ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వమున వచ్చిన ‘న్యాయం కావాలి’ చిత్రమున, ప్రేమించినవాడు విడనాడగా తల్లియైన యువతిగా రాధిక న్యాయస్థానమెక్కును. ఆమె పక్షమున వాదించు న్యాయవాదిగా శారద నటించెను. వలపు వ్యవహారమున బిడ్డకు తండ్రిపేరు ఇప్పించు భారమును కన్నీటికి విడువక దావాకు అప్పగించిన ఆ కథ, నేటి ధారావాహికల న్యాయస్థానదృశ్యములకు పెద్దక్క వంటిది. ఢిల్లీలోను ఆ దినములలోనే, వివాహమాడుటకు మహిళా దౌత్యాధికారి ప్రభుత్వము అనుమతి పొందవలెనను నియమమును సి.బి. ముత్తమ్మ వ్యాజ్యమున 1979లో జస్టిస్ కృష్ణయ్యరు తూర్పారబట్టెను. తొలి గర్భముతోనే విమానపరిచారికను ఉద్యోగమునుండి తొలగించు నియమమును 1981లో నర్గీస్ మీర్జా వ్యాజ్యమున సుప్రీంకోర్టు కొట్టివేసెను. సైబర్ టవర్సు పునాదికి ఎంతో ముందుగానే, ఉద్యోగిని పెండ్లాడరాదు, కనరాదు అను కట్టుబాట్లు ఈ విధముగా కూలుచు వచ్చినవి.

ఇక హైటెక్ సిటీ చుట్టు పెరిగిన సైబరాబాదు సంగతి. అచటి సౌధములను కట్టినవారిలోను తల్లులున్నారు. పాలమూరునుండియు, ఉత్తరాంధ్రమునుండియు, ఒడిశానుండియు వలసవచ్చిన కూలీల కుటుంబములలో భార్యలు ఇసుక మోయుచుండగా, రెండు కర్రల నడుమ చీర కట్టి వ్రేలవేసిన ఊయలలో పసిపిల్లలు నిదురించుట ఆ నిర్మాణస్థలములను చూచిన వారందరు ఎరిగినదే. ఈ తల్లుల కొరకు చట్టము లేకపోలేదు. ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు నిర్మాణస్థలమున ఆరేండ్లలోపు పిల్లలకు గదియు, శిక్షణ పొందిన ఆయమ్మయు ఉండవలెనని 1996 నాటి భవననిర్మాణ కార్మికుల చట్టము 35వ సెక్షను శాసించినది. ఫ్యాక్టరీలకు అట్టి విధి 1948నుండియే కలదు. ప్రసూతి సౌకర్యము దినకూలీ స్త్రీలకును చెందునని 2000లో ఢిల్లీ నగరపాలక సంస్థ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నొక్కి చెప్పెను. అనగా, సైబరాబాదునకు ఇటుక మోసిన స్త్రీకి శిశుగృహపు హక్కు కాగితముమీద ముందే పుట్టినది. ఆ గోడల లోపల కంప్యూటరు ముందు కూర్చుండిన స్త్రీకి అదే హక్కు రెండు దశాబ్దములు గడచిన తరువాత గాని రాలేదు.

లోపలి స్త్రీకి ముందుగా వచ్చినది రాత్రి. అమెరికాలో పగలు ఇచట రాత్రి గనుక, కాల్ సెంటర్లును, సాఫ్ట్‌వేర్ సంస్థలును రాత్రి షిఫ్టులు లేక నడువజాలవు. రాత్రివేళ స్త్రీలచే పనిచేయింపరాదనుట ఫ్యాక్టరీల చట్టమునందును, ఆంధ్రప్రదేశ్ దుకాణములు, సంస్థల చట్టము, 1988 నందును ఉండిన నియమము. ఆ నియమమునుండి ఐటీ సంస్థలకు ప్రభుత్వము మినహాయింపు నిచ్చి, దానికి బదులుగా రక్షణయు, ఇంటివరకు వాహనమును సమకూర్చవలెనని షరతు పెట్టెను. 2000లో మద్రాసు హైకోర్టు సైతము ఫ్యాక్టరీల చట్టములోని ఆ నిషేధము సమానత్వమునకు విరుద్ధమని కొట్టివేసెను. నిషేధము తొలగుట మంచిదే; స్త్రీని ఇంట నిలిపి కాపాడుట కాపాడుట కాదు. అయినను క్యాబు వచ్చు ఏర్పాటు ఎంత వేగముగా జరిగినదో చూచి, ఊయల ఏర్పాటు ఎంత ఆలస్యమైనదో చూచినచో, ఈ ఐటీ నడవాను కట్టినవారు ఉద్యోగినిని ఎవరిగా ఊహించిరో తెలియును: మాదాపూరు లేడీస్ హాస్టలులో ఉండు, పెండ్లికాని, పిల్లలు లేని ఇరువదిరెండేండ్ల యువతిగా. ఆమె పెరిగి తల్లియగునను తలంపు ఆ పటమున లేదు. రక్షణ విషయమున సైతము 2013 అక్టోబరులో ఈ ప్రాంతముననే ఒక ఉద్యోగినిపై ఘోరము జరిగి నగరము అట్టుడికిన తరువాత, మరుసటి ఏడు అక్టోబరులో షీ టీములను మహిళారక్షణ పోలీసు దళములు పుట్టినవి. కార్యాలయములలో లైంగిక వేధింపులను నివారించు చట్టము కూడ ఆ 2013 నాటిదే. సుప్రీంకోర్టు విశాఖ తీర్పులో దానికి మార్గదర్శకములు చూపి అప్పటికి పదునారేండ్లు.

ప్రసూతి చట్టముల చరిత్ర మరింత పాతది. 1929లో బొంబాయి, 1934లో మద్రాసు రాష్ట్రములు చట్టములు చేయగా, దేశమంతటికిని 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజన చట్టము పండ్రెండు వారముల సెలవును వేతనముతో ఇచ్చెను. ఆ పండ్రెండు వారములును మన ఆచారముతో పోల్చి చూడుడు. తొలిచూలు ఆడపిల్లను సీమంతము చేసి పుట్టింటికి తీసికొనిపోవుట, పురుడుపోసి, బారసాల చేసి, మూడవ నెలనో ఐదవ నెలనో తల్లీబిడ్డలను అత్తవారింటికి సారెతో పంపుట తెలుగువారి పరిపాటి. ఈ ఆచారమున స్త్రీకి విశ్రాంతియు, బిడ్డకు అమ్మమ్మ చేతి లాలనయు సహజముగా దొరకెడివి, వ్యయము పుట్టింటిది. సైబరాబాదులో కాపురమున్న ఉద్యోగినికి పుట్టిల్లు గుంటూరులోనో, కరీంనగరులోనో ఉండగా, ఆచారము తలక్రిందులై, ఇప్పుడు అమ్మమ్మయే మూటాముల్లె సర్దుకొని కొండాపూరు అపార్టుమెంటునకు వచ్చుచున్నది. ఆమె మోకాళ్ళనొప్పులతో మనుమని ఎత్తుకొని తిరుగుట వలననే ఈ నడవాలోని ఎన్నో కొలువులు నిలుచుచున్నవను మాట ఏ కంపెనీ నివేదికలోను వ్రాయబడదు.

2017లో అమలులోనికి వచ్చిన సవరణ, మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవును ఇరువదియారు వారములకు పెంచి, ఏబదిమంది లేక అంతకు మించిన ఉద్యోగులున్న ప్రతి సంస్థయు శిశుగృహమును నడుపవలెననియు, తల్లి దినమునకు నాలుగుమారులు బిడ్డను చూచి రావచ్చుననియు విధించెను. ఉదాత్తమైన చట్టము. కాని దానిలో ఒక పెద్దలోపము కలదు: ఆ వ్యయమంతయు యజమానిదే. ప్రభుత్వము పైసయు పంచుకొనదు. తండ్రికి ప్రైవేటు సంస్థలలో చట్టరీత్యా ఒక్క దినమైనను సెలవు లేదు. కేంద్రప్రభుత్వోద్యోగులకు మాత్రము పదునైదు దినములున్నవి. బిడ్డను కనుట వలన కలుగు వ్యయము స్త్రీ ఉద్యోగిని పేరననే పడునట్లు చేసిన పిదప, క్రొత్తగా పెండ్లియైన స్త్రీని కొలువునకు తీసికొనునపుడు యజమాని లెక్కలు వేయడని నమ్ముట కష్టము. చట్టము ఒక చేతితో ఇచ్చినదానిని దాని అమరికయే మరియొక చేతితో లాగికొనుచున్నది.

మరి మన ధారావాహికలోని నాయిక మాట? స్వతంత్రముగా వాదించు న్యాయవాదికి యజమాని లేడు. కావున ప్రసూతి సెలవు చట్టము ఆమెకు వర్తింపదు. ఇతరుల ప్రసూతిహక్కులకై వాదించు స్త్రీకి తన ప్రసవమునాడు వాయిదా కోరుట తప్ప వేరు దారి లేదు. వాయిదాలు పెరిగినచో కక్షిదారు వేరొక వకీలును చూచుకొనును. సీనియరు వద్ద చాలీచాలని రాబడితో పనిచేయు జూనియరుకు ఈ కష్టము రెట్టింపు. న్యాయమూర్తులుగా మహిళలు తక్కువగా ఉన్నారని విచారించు పెద్దలు, వారు ముప్పదియేండ్ల ప్రాయముననే వృత్తినుండి ఎందుకు జారిపోవుచున్నారో ఇక్కడ చూడవలెను. భార్యాభర్తల తగవు తెచ్చు ఉద్యోగినికిని వెతలు తక్కువ కావు: ఐటీ నడవా అధికభాగము రంగారెడ్డి జిల్లాలోనిది, ఆ జిల్లా న్యాయస్థానములు నగరమునకు ఆవలి కొసయగు ఎల్.బి. నగరులో నున్నవి. రాయదుర్గమున మెట్రో ఎక్కి, అమీరుపేటలో మారి, ఒక వాయిదాకు పోయివచ్చుసరికి దినము గడచును. దుర్గాబాయి కోరిన కుటుంబ న్యాయస్థానము, కుటుంబములు ఉన్నచోట ఉండవలసినది.

కావున ఈ వ్యాసము చదువు శాసనసభ్యులకును, న్యాయవాదుల సంఘములకును, సంస్థల అధిపతులకును నేను చేయు విన్నపము ఇది. వాహనములు నిలుపుటకు చోటు చూపనిదే ఈ నగరమున కార్యాలయభవనమునకు అనుమతి రాదు. శిశుగృహమునకు చోటు చూపనిదే కూడ అనుమతి ఈయకుడు. ప్రసూతిసెలవు వ్యయములో ప్రభుత్వము భాగము పంచుకొనునట్లును, తండ్రికిని సెలవు దొరకునట్లును చట్టమును సవరింపుడు. బాలింతలైన మహిళా న్యాయవాదులకు సంక్షేమనిధినుండి భృతి ఏర్పరుపుడు. గచ్చిబౌలి పరిసరములలో ఒక కుటుంబ న్యాయస్థానమును నెలకొల్పుడు.